అడ్వెంచర్ బైక్‌కి అల్యూమినియం పెట్టెలు బిగిస్తున్నారా? ఉప్పల్, నాచారంలో ఆర్డర్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి!

హైదరాబాద్: లాంగ్ రైడ్‌కు ప్లాన్ వేశారు. బైక్ రెడీ. హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్ అన్నీ కొన్నారు. ఇక మిగిలింది లగేజ్. వెనక సీటుపై బ్యాగ్ పెట్టి తాళ్లతో కట్టే రోజులు పోయాయి. ఇప్పుడు అడ్వెంచర్ బైక్ అనగానే రెండు పక్కలా మెరిసే అల్యూమినియం పెట్టెలే గుర్తొస్తున్నాయి. వీటినే పానియర్లు అంటారు. కంపెనీ యాక్సెసరీగా కొనేవాళ్లు కొందరైతే, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు రేకు పని చేసే షాపుల్లో కొలతలిచ్చి చేయించుకునేవాళ్లు మరికొందరు.

అయితే ఇక్కడే ఓ తిరకాసు ఉంది. పెట్టె బాగుంటే సరిపోదు. దాన్ని మోసే ర్యాక్, ఆ ర్యాక్‌ను మోసే బైక్ వెనక ఫ్రేమ్, మొత్తం బరువు.. ఈ మూడింటిలో ఏది లెక్క తప్పినా ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో బండి ఆగిపోవచ్చు. అంతకంటే ప్రమాదం.. వెళ్తున్న బండి అదుపు తప్పొచ్చు. అందుకే కొనే దగ్గర్నుంచి బిగించి టెస్ట్ రైడ్ చేసే దాకా ఏం చూసుకోవాలో వివరంగా తెలుసుకుందాం.

ముఖ్యాంశాలు

• పెట్టె కొనే ముందు బైక్ మాన్యువల్‌లో పేలోడ్ చూడాలి
• రేకు మందం 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే మంచిది
• బైక్ ఫ్రేమ్‌కు వెల్డింగ్ వద్దు.. బోల్టులతోనే బిగించాలి
• ఒక్కో పెట్టెలో 10 కేజీలు దాటకుండా చూసుకోవడం మేలు
• మొదటి 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ మళ్లీ చెక్ చేయాలి

అల్యూమినియమా.. ప్లాస్టిక్కా.. సాఫ్ట్ బ్యాగులా?

మార్కెట్లో మూడు రకాలు దొరుకుతాయి. గుడ్డతో చేసిన సాఫ్ట్ బ్యాగులు తేలిక. పడినా కాలికి పెద్దగా దెబ్బ తగలదు. కానీ తాళం వేసి వదిలి వెళ్లలేం. బ్లేడుతో కోస్తే అంతే. ప్లాస్టిక్ పెట్టెలకు తాళం ఉంటుంది, వాన నీరు రాదు. కానీ గట్టిగా పడితే పగులుతాయి. పగిలిన ప్లాస్టిక్‌ను రోడ్డు మీద బాగు చేయించడం కష్టం.

అల్యూమినియం సంగతి వేరు. పడితే సొట్ట పడుతుంది తప్ప అంత సులువుగా పగలదు. చెక్క సుత్తితో కొట్టి వంపు సరిచేసుకోవచ్చు. లోపల నలుపలకలా ఉంటుంది కాబట్టి జాగా వృథా కాదు. క్యాంప్ దగ్గర పీటగా, బల్లగా కూడా పనికొస్తుంది. పైమూత మీదుగా లోడ్ చేసుకోవచ్చు కాబట్టి బండి మీద ఉండగానే సామాను తీయొచ్చు.

మరి లోపాలు లేవా? ఉన్నాయి. బరువు ఎక్కువ. వెడల్పు ఎక్కువ. బురదలోనో, రాళ్ల దారిలోనో బండి పక్కకు పడినప్పుడు కాలు పెట్టె కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. తడబడినప్పుడు కాలు కింద పెడితే, కదులుతున్న బండి పెట్టె వచ్చి పిక్కకు కొట్టుకుంటుంది. అందుకే ఎక్కువగా తారు రోడ్డు, మధ్యమధ్యలో మట్టి దారి అనుకునేవాళ్లకు అల్యూమినియం సరిపోతుంది. అడవి బాటలు, ఇసుక, వాగులే లక్ష్యం అయితే సాఫ్ట్ బ్యాగులే నయం.

మొదట చేయాల్సింది షాపింగ్ కాదు.. లెక్క!

చాలామంది పెట్టె ఎన్ని లీటర్లు అని అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. బండి ఎన్ని కేజీలు మోయగలదు అన్నది ముఖ్యం. ప్రతి బైక్‌కు కంపెనీ ఒక గరిష్ఠ బరువు చెబుతుంది. దాన్ని గ్రాస్ వెహికల్ వెయిట్ అంటారు. అందులోంచి బండి సొంత బరువు, అంటే కెర్బ్ వెయిట్ తీసేస్తే మిగిలేదే పేలోడ్. మనుషులు, సామాను, పెట్టెలు, ర్యాక్.. అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఉదాహరణకు ఓ బైక్ పేలోడ్ 190 కేజీలు అనుకుందాం.

• నడిపేవారు 75 కేజీలు, వారి హెల్మెట్, జాకెట్, బూట్లు 8 కేజీలు
• వెనక కూర్చునేవారు 60 కేజీలు, వారి గేర్ 5 కేజీలు
• ఇంజిన్ గార్డ్, అదనపు లైట్లు కలిపి 5 కేజీలు
• రెండు వైపులా ర్యాక్ 5 కేజీలు, రెండు ఖాళీ పెట్టెలు 10 కేజీలు

మొత్తం 168 కేజీలు. అంటే సామానుకు మిగిలింది 22 కేజీలే! ఒక్కో పెట్టెలో 10 కేజీల చొప్పున సర్దితే లెక్క దాదాపు అయిపోయినట్టే. ఇక వెనక టాప్ బాక్స్‌లో నింపడానికి, ట్యాంక్ బ్యాగ్ తగిలించడానికి జాగా ఉన్నా బరువుకు చోటు లేదు. ఒక్కరే వెళ్తే మాత్రం చాలా వెసులుబాటు ఉంటుంది.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యం? 2004లో హాలీవుడ్ నటుడు ఇవాన్ మెక్‌గ్రెగర్, ఆయన మిత్రుడు చార్లీ బూర్‌మన్ లండన్ నుంచి న్యూయార్క్ దాకా బైక్ యాత్ర చేశారు. లాంగ్ వే రౌండ్ పేరుతో వచ్చిన ఆ సిరీస్‌తోనే మెటల్ పెట్టెల అడ్వెంచర్ బైక్‌కు ప్రపంచమంతా క్రేజ్ పెరిగింది. అందులో పెద్ద బీఎండబ్ల్యూ బైక్‌లు వాడారు. అయినా మంగోలియా దారుల్లో టీమ్‌లోని కెమెరామెన్ బైక్ ఫ్రేమ్ విరిగింది. అంత పెద్ద బండికే అలా అయితే, 200 నుంచి 450 సీసీ బైక్‌ల మీద ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోవచ్చు.

రేకు ఏది? మందం ఎంత?

అల్యూమినియం అంటే ఒకటే రకం కాదు. షాపులో దొరికే మెత్తని రేకు వంట పాత్రలకు, డెకరేషన్‌కు పనికొస్తుంది. పెట్టెకు అది చాలదు. పానియర్లకు ఎక్కువగా వాడేది 5052 గ్రేడ్. ఇది మెగ్నీషియం కలిసిన మిశ్రమం. వంచితే సులువుగా పగలదు, తుప్పును బాగా తట్టుకుంటుంది. పడవల తయారీలోనూ దీన్ని వాడతారు. 6061-టీ6 గ్రేడ్ ఇంకా గట్టిది. కానీ ఇరుకు మూలల్లో వంచితే పగుళ్లు వస్తాయి. పైగా వెల్డింగ్ చేసిన చోట దాని బలం బాగా తగ్గిపోతుంది. కాబట్టి మడతలుండే పెట్టె ఒంటికి 5052, పట్టీలు, బ్రాకెట్ల వంటి వాటికి 6061 సరిపోతాయి.

ఇక మందం. షాపుల్లో గేజ్ లెక్కలో చెబుతారు. 14 గేజ్ అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. గేజ్ నంబర్ పెరిగితే రేకు పలచన అవుతుందని గుర్తుంచుకోవాలి.

45 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల ఎత్తుతో పెట్టె చేయిస్తే సుమారు 37 లీటర్లు పడుతుంది. దీనికి మూతతో కలిపి 0.7 చదరపు మీటర్ల రేకు కావాలి. బరువు ఇలా ఉంటుంది..

• 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే సుమారు 2.9 కేజీలు
• 2 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే సుమారు 3.8 కేజీలు
• అదే 1 మిల్లీమీటర్ ఇనుప రేకు అయినా సుమారు 5.5 కేజీలు

కీళ్లు, లాచ్‌లు, తాళాలు, ర్యాక్‌కు పట్టే పక్‌లు కలిపితే దీనికి మరో కేజీకి పైనే చేరుతుంది. ఇనుము సాంద్రత అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు. అందుకే చవక అని ఇనుప పెట్టె చేయిస్తే పేలోడ్ అంతా పెట్టెకే పోతుంది.

రెడీమేడా? నాచారంలో చేయించుకోవాలా?

జర్మనీకి చెందిన టూరాటెక్, ఎస్‌డబ్ల్యూ-మోటెక్, హెప్కో అండ్ బెకర్, ఇటలీకి చెందిన గివి వంటివి ఈ రంగంలో పేరున్న కంపెనీలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా హిమాలయన్ కోసం అల్యూమినియం పెట్టెలను యాక్సెసరీగా అమ్ముతోంది. దేశీయంగానూ అనేక బ్రాండ్లు వచ్చాయి. రెడీమేడ్ లాభం ఏంటంటే.. ర్యాక్, పెట్టె, తాళం ఒకదానికొకటి సరిపోతాయి. రేపు లాచ్ విరిగితే విడిభాగం దొరుకుతుంది. ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది.

మరోవైపు ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో రేకు కటింగ్, బెండింగ్, ఆర్గాన్ వెల్డింగ్, పౌడర్ కోటింగ్ పనులు దగ్గరదగ్గరే దొరుకుతాయి. మెషిన్ బాడీలు, ప్యానెల్ బోర్డులు చేసే చేతులకు పెట్టె చేయడం పెద్ద పని కాదు. కొలత మనిష్టం. సైలెన్సర్ వైపు కోత పెట్టించుకోవచ్చు. కానీ ఆ షాపుల్లో చాలావాటికి బైక్ లగేజ్ రోజూ చేసే పని కాదు. కాబట్టి ఏం కావాలో మనమే స్పష్టంగా చెప్పాలి.

ఆర్డర్ ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి..

• ‘అన్నా, షీట్ ఏ గ్రేడ్? ఎంత గేజ్?’
• ‘బెండ్ దగ్గర పగుళ్లు వస్తయా? ఒక ముక్క వంచి చూపిస్తరా?’
• ‘జాయింట్లు ఆర్గాన్ వెల్డింగా, రివిట్లా? లోపల సీలెంట్ పెడతరా?’
• ‘మూతకు రబ్బర్ బీడింగ్ ఉంటదా? నీళ్లు పోసి చూపిస్తరా?’
• ‘మూలలకు డబుల్ రేకు వేస్తరా?’

రేకుకు కేజీ లెక్క, బెండింగ్‌కు మడత లెక్క, వెల్డింగ్, కోటింగ్‌కు వేరే లెక్క వేయడం మామూలే. అందుకే మొత్తం కలిపి రేటు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఇంకో చిట్కా.. మొదట అట్టతో నమూనా పెట్టె చేసి బండికి ఆనించి చూడండి. అట్ట తప్పితే పోయేది ఏమీ లేదు. రేకు తప్పితే తుక్కు కిందే లెక్క.

వెల్డింగా.. రివిట్లా?

అల్యూమినియానికి మామూలు కరెంట్ వెల్డింగ్ పనికిరాదు. ఆర్గాన్ గ్యాస్‌తో చేసే టిగ్ వెల్డింగ్ కావాలి. బాగా చేస్తే జాయింట్ నీరు చొరబడకుండా ఉంటుంది. అయితే పలుచని రేకుకు వేడి ఎక్కువైతే వంకర పోతుంది. రివిట్లతో చేసిన పెట్టె వంకర పోదు, రిపేర్ సులువు. కానీ రివిట్ల వరుసలో సీలెంట్ సరిగ్గా లేకపోతే వానలో నీరు కారుతుంది. రేకును ఒకే ముక్కగా మడిచి జాయింట్లు తగ్గించుకోవడం అన్నింటికంటే మంచిది. ముఖ్యంగా అడుగు భాగంలో జాయింట్ లేకుండా చూసుకోవాలి. చక్రం ఎగజిమ్మే నీళ్లు, రాళ్లు తగిలేది అక్కడే.

అసలు బలం ర్యాక్‌లోనే..

పెట్టె ఎంత ఖరీదైనదైనా దాన్ని మోసేది ర్యాక్. సాధారణంగా 16 నుంచి 18 మిల్లీమీటర్ల గుండ్రటి ఇనుప పైపుతో వీటిని చేస్తారు. కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి.

మొదటిది.. ఒక్కో వైపు కనీసం మూడు చోట్ల బండికి పట్టు ఉండాలి. రెండు చోట్లే ఉంటే పెట్టె బరువుకు పైపు ముందుకు, వెనక్కి ఊగుతుంది. రెండోది.. నంబర్ ప్లేట్ వెనక నుంచి కుడి, ఎడమ ర్యాక్‌లను కలిపే అడ్డ కమ్మీ ఉండాలి. ఇది లేకపోతే గతుకుల్లో రెండు ర్యాక్‌లూ లోపలికి, బయటికి విచ్చుకుంటాయి. మూడోది.. బోల్టులన్నీ కంపెనీ ఇచ్చిన పాయింట్లకే పట్టాలి. ఫ్రేమ్‌కు కొత్తగా రంధ్రం చేయడం, వెల్డింగ్ పెట్టడం అస్సలు వద్దు.

ఇనుప ర్యాక్ విరిగితే ఏ పల్లెటూరి వెల్డింగ్ షాపులోనైనా అతికిస్తారు. అల్యూమినియం ర్యాక్ అయితే ఆ అవకాశం తక్కువ. అందుకే పెట్టె అల్యూమినియం అయినా ర్యాక్ ఇనుముదే ఉంటే దూర ప్రయాణాల్లో ధైర్యం. ఒకవేళ దారిలో బండి మీదే వెల్డింగ్ తప్పకపోతే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. వీలైతే ఈసీయూ కనెక్టర్ కూడా ఊడదీయాలి. లేదంటే ఎలక్ట్రానిక్స్ కాలిపోయే ప్రమాదం ఉంది.

సైలెన్సర్, వెడల్పు.. ఈ రెండూ మర్చిపోవద్దు

చాలా బైక్‌లకు కుడివైపు సైలెన్సర్ పైకి లేచి ఉంటుంది. దానివల్ల ఆ వైపు ర్యాక్ బయటికి జరుగుతుంది. రెండు పక్కలా ఒకే సైజు పెట్టెలు పెడితే కుడి పెట్టె ఎక్కువ బయటికి వచ్చి బండి ఒకవైపు లాగినట్టు అనిపిస్తుంది. దీనికి రెండు దారులున్నాయి. కుడి పెట్టె వెడల్పు తగ్గించడం ఒకటి. లోపలి మూలలో సైలెన్సర్‌కు చోటిస్తూ కోత పెట్టడం మరొకటి.

పెట్టెకు, సైలెన్సర్‌కు మధ్య గాలి ఆడేంత ఖాళీ ఉండాలి. హీట్ షీల్డ్ ఉంటే ఇంకా మంచిది. అల్యూమినియం వేడిని త్వరగా లోపలికి పంపిస్తుంది. అందుకే ఆ వైపు పెట్టెలో మందులు, పవర్ బ్యాంకులు, గ్యాస్ క్యాన్లు, చాక్లెట్లు పెట్టకూడదు. పొగ నేరుగా పెట్టె మీద పడకుండా కూడా చూసుకోవాలి.

ఇక వెడల్పు. పెట్టెలు పెట్టాక బండి వెనక భాగం హ్యాండిల్ కంటే వెడల్పు కావొచ్చు. ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో, హబ్సిగూడ సిగ్నల్ దగ్గర రెండు కార్ల మధ్య నుంచి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు జాగ్రత్త. హ్యాండిల్ దూరింది కదా అని బండి దూరదు. పెట్టె మూల కారు తలుపుకో, పక్కన వెళ్తున్న స్కూటర్‌కో తగిలితే ఇద్దరూ పడతారు. అందుకే టేపుతో మొత్తం వెడల్పు కొలిచి, వీలైనంత వరకు హ్యాండిల్ వెడల్పు దాటకుండా పెట్టె ఎంచుకోవాలి. ట్రిప్ లేని రోజుల్లో పెట్టెలు ఊడదీసి ఇంట్లో పెట్టడమే ఉత్తమం.

ఫిట్టింగ్ ఇలా.. స్టెప్ బై స్టెప్

1. బండిని సెంటర్ స్టాండ్ మీద గానీ, ప్యాడాక్ స్టాండ్ మీద గానీ నిటారుగా నిలపాలి. సైడ్ స్టాండ్ మీద ఉంచి కొలతలు తీస్తే వంకర వస్తుంది. విప్పే ముందు నాలుగు వైపులా ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలి.

2. సీటు, సైడ్ ప్యానెల్స్, అవసరమైతే గ్రాబ్ రెయిల్ విప్పాలి. ఏ బోల్టు ఎక్కడిదో చిన్న కవర్లలో వేసి పేరు రాసుకోవాలి.

3. ర్యాక్‌ను ముందు వదులుగా తగిలించాలి. అన్ని బోల్టులూ చేత్తో రెండు మూడు మరలు తిప్పాక, అప్పుడే పానా పెట్టాలి. ఒక బోల్టు ముందే బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు. రంధ్రం కలవలేదని సుత్తితో కొట్టి, వంచి బిగించకూడదు. అలా బిగించిన పైపు కొన్నాళ్లకు ఆ చోటే పగులుతుంది.

4. మధ్యలో బుష్ పెట్టాల్సి వస్తే దానికి తగ్గట్టు పొడవాటి బోల్టు వాడాలి. బోల్టు ఎంత లావుందో కనీసం అంత లోతు మరలోకి దిగాలి. అంటే ఎం8 బోల్టు అయితే కనీసం 8 మిల్లీమీటర్లు. బోల్టు మీద 8.8 అని ఉంటే అది గట్టి రకం.

5. అడ్డ కమ్మీ బిగించాక అన్నింటినీ వరుసగా టైట్ చేయాలి. మాన్యువల్‌లో టార్క్ రాసి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఎం6 బోల్టుకు సుమారు 10, ఎం8 బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు సాధారణంగా వాడతారు. పైపు ఎక్కి మరీ బిగిస్తే మర తెగుతుంది.

6. కదలికకు ఊడకుండా నైలాన్ ఉన్న నట్లు గానీ, నీలి రంగు థ్రెడ్ లాకర్ గానీ వాడాలి. ఎరుపు రంగుది వద్దు. అది మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

7. పక్‌ల కోసం పెట్టెకు రంధ్రాలు చేసే ముందు, పెట్టెను ర్యాక్‌కు ఆనించి గుర్తు పెట్టాలి. రెండు పెట్టెల ఎత్తు నేల నుంచి, దూరం వెనక చక్రం మధ్య నుంచి కొలవాలి. రంధ్రం అంచులకు పెద్ద వాషర్, రబ్బర్ వేయాలి. స్టీల్ బోల్టు, అల్యూమినియం నేరుగా తగిలితే తడిలో అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేస్తే ఆ బెడద తగ్గుతుంది.

8. చివరగా బరువైన మనిషిని కూర్చోబెట్టి వెనక షాక్ కిందకి దిగేలా ఊపి చూడాలి. చెయిన్, టైరు, ఇండికేటర్లు, వైర్లు ఎక్కడైనా తగులుతున్నాయా? వెనక కూర్చునేవారి మడమ పెట్టెకు కొట్టుకుంటోందా? సైడ్ స్టాండ్ సాఫీగా దిగుతోందా? అన్నీ సరే అనుకున్నాక ప్రతి బోల్టు తల మీదుగా ర్యాక్ మీదకు పెయింట్‌తో ఒక గీత గీయండి. గీత చెదిరితే బోల్టు వదులైనట్టు చూడగానే తెలిసిపోతుంది.

లోడింగ్‌లో చేసే తప్పులు

బరువైనవి.. అంటే పనిముట్లు, ట్యూబులు, నీళ్లు.. పెట్టె అడుగున, ఇంజిన్ వైపు ఉండాలి. బట్టలు, రెయిన్‌కోట్ పైన. వెనక చక్రం ఇరుసు కంటే వెనక్కి బరువు పెరిగే కొద్దీ ముందు చక్రం తేలికవుతుంది. అప్పుడు హ్యాండిల్ వణుకు మొదలవుతుంది. టాప్ బాక్స్‌లో బరువులు పెడితే జరిగేది ఇదే.

రెండు పెట్టెల మధ్య తేడా ఒక కేజీకి మించకుండా చూసుకోవాలి. సామాను తూచే కొక్కెం కాటా ఉంటే చాలు. అన్నీ సర్దాక వెనక షాక్ ప్రీలోడ్ పెంచాలి. టైర్లలో గాలి మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పినంత కొట్టించాలి. హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతోందేమో కూడా చూడాలి. పేరున్న కంపెనీల పెట్టెల మీద కూడా వేగం పరిమితి రాసి ఉంటుంది. గాలి ఒత్తిడికి పెట్టెలు తెరచాపలా పనిచేస్తాయి కాబట్టి లోడ్‌తో ఉన్నప్పుడు 80 కిలోమీటర్ల దగ్గర స్థిరంగా వెళ్లడమే మేలు.

టెస్ట్ రైడ్: ఉప్పల్ టు భువనగిరి

కొత్తగా బిగించిన పెట్టెలతో నేరుగా లద్దాఖ్‌కో, అరకుకో బయల్దేరొద్దు. ఉప్పల్ నుంచి మొదలయ్యే వరంగల్ హైవే, అంటే 163వ నంబర్ జాతీయ రహదారి టెస్ట్ రైడ్‌కు చక్కగా పనికొస్తుంది. ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా భువనగిరి కోట దాకా వెళ్లి వస్తే 80 కిలోమీటర్లు దాటుతుంది. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాక ఏళ్ల తరబడి అక్కడి గతుకులు వాహనదారులకు తెలిసినవే. ఆపై వెడల్పాటి హైవే. అంటే గతుకులు, వేగం రెండూ ఒకే రైడ్‌లో పరీక్షకు వస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై టూ వీలర్లకు అనుమతి లేదు. కాబట్టి అటు మళ్లొద్దు.

మొదట ఖాళీ పెట్టెలతో ఓసారి, తర్వాత పూర్తి లోడ్‌తో ఓసారి వెళ్లండి. లోడ్ కోసం నీళ్ల సీసాలు పెడితే బరువు లెక్క తెలిసిపోతుంది. ఖాళీ స్థలంలో బ్రేక్ గట్టిగా కొట్టి చూడండి. చిన్న వలయంలో యూ టర్న్ తిప్పండి. సగం దారిలో ఆగి పెయింట్ గీతలు చూడండి. ఇంటికొచ్చాక ప్రతి బోల్టూ మళ్లీ పానాతో తడమండి. ఈ పరీక్షలో పాసైతే రామప్ప, లక్నవరం, బొగత జలపాతం వైపు ఇదే హైవే మీద నిశ్చింతగా సాగిపోవచ్చు.

వాన పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. పెట్టెలో పాత న్యూస్ పేపర్ పరిచి మూత వేసి, పది నిమిషాలు పైపుతో అన్ని వైపులా నీళ్లు కొట్టండి. పేపర్ ఎక్కడ తడిసిందో లీకేజీ అక్కడే.

పోలీసులు ఆపుతారా? చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా, ఆర్‌సీలో వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం స్పష్టం చేసింది. నిర్మాణంలో మార్పు వల్ల వాహనం ప్రాథమిక లక్షణమే మారిపోతే దాన్ని చట్టం ఆల్టరేషన్ అంటుంది. బోల్టులతో బిగించి, ఎప్పుడంటే అప్పుడు ఊడదీసే పెట్టె వేరు. ఫ్రేమ్ కోసి, వెల్డింగ్ చేసి మార్చడం వేరు. అనుమతి లేని మార్పులకు సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడే వీలుంది.

2020 జులైలో కేంద్ర రవాణా శాఖ బైక్‌లపై తేలికపాటి కంటైనర్ అమర్చుకోవడంపై మార్గదర్శకాలు ఇచ్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు. సామానుతో కలిపి 30 కేజీలు దాటకూడదు. వెనక కూర్చునే చోట దాన్ని పెడితే నడిపేవారు ఒక్కరే వెళ్లాలి. టాప్ బాక్స్ పెట్టుకునేవాళ్లు ఈ కొలతలు గుర్తుంచుకోవాలి.

ఇంకో విషయం. ర్యాక్ పట్టడం లేదని చాలా చోట్ల సారీ గార్డ్ తీసి పక్కన పడేస్తారు. వెనక కూర్చునేవారి చీర, చున్నీ చక్రంలో పడకుండా ఆపేది అదే. నిబంధనల ప్రకారం అది ఉండాల్సిందే. సారీ గార్డ్ ఉంచుకునేలా లేదా దానికి బదులు చక్రాన్ని కప్పే పట్టీ ఉన్న ర్యాక్ ఎంచుకోవాలి. నంబర్ ప్లేట్, టెయిల్ ల్యాంప్, ఇండికేటర్లు వెనక నుంచి, పక్క నుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే చలాన్ సంగతి అటుంచి, వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. సందేహం ఉంటే ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు. బీమా కంపెనీకి కూడా యాక్సెసరీల వివరాలు రాతపూర్వకంగా చెప్పి ఉంచితే క్లెయిమ్ వేళ ఇబ్బంది తగ్గుతుంది.

రైల్లో బండి పంపిస్తున్నారా?

లద్దాఖ్ వెళ్లేవాళ్లలో చాలామంది బండిని రైల్లో ఢిల్లీ దాకా పంపి అక్కడి నుంచి నడుపుతారు. పార్శిల్‌లో వేసేటప్పుడు ట్యాంక్‌లో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి. పెట్టెలు తప్పనిసరిగా ఊడదీయండి. లోడింగ్‌లో బండిని లాగడానికి పెట్టెనే పట్టుకుంటారు. దాంతో పక్‌లు, లాచ్‌లు వంగిపోతాయి. ర్యాక్‌కు గోనెసంచి చుట్టించాలి. పెట్టెలను మీతో పాటు లగేజ్‌గా తీసుకెళ్తే సామాను కూడా భద్రం.

ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

ఒక్క పెట్టె పెట్టుకోవచ్చా? దూర ప్రయాణంలో వద్దు. బరువు ఒకవైపే ఉంటే బండి లాగుతుంది. టైరు కూడా ఒక పక్కే అరుగుతుంది.

బట్టలకు నల్ల మసి అంటుతోంది, ఎందుకు? పూత లేని అల్యూమినియం మీద సామాను రాసుకుంటే నల్లటి పొడి వస్తుంది. లోపల బ్యాగ్ వేసుకోవాలి లేదా పౌడర్ కోటింగ్, అనోడైజింగ్ చేయించాలి.

తాళం ఒకటేనా? రెండు పెట్టెలకూ ఒకే తాళంచెవి ఉంటే సులువు. రెండో తాళంచెవి పర్సులో విడిగా ఉంచుకోండి. పెట్టె ర్యాక్‌ నుంచి ఊడకుండా ఆపే లాక్ పెట్టె లోపలి నుంచే ఉండాలి.

ఎంత పెద్దది కావాలి? వారం రోజుల ట్రిప్‌కు ఒక్కరికి రెండు పక్కలా కలిపి 50 నుంచి 60 లీటర్లు సరిపోతాయి. పెట్టె పెద్దదైతే చోటుంది కదా అని నింపేస్తాం. బరువు అక్కడే పెరుగుతుంది.

బయల్దేరే ముందు ఒక్క నిమిషం

ప్రతి రోజూ పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు పెట్టెను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. టకటకమని చప్పుడు వచ్చిందంటే ఎక్కడో బోల్టు వదులైనట్టే. ర్యాక్ పైపుల జాయింట్ల దగ్గర పెయింట్ మీద సన్నని గీత కనిపించినా, తుప్పు చార కారినా అది పగులుకు మొదటి గుర్తు. అప్పుడే ఆగి చూపిస్తే ఓ చిన్న వెల్డింగ్‌తో పోతుంది. చూడనట్టు వెళ్తే ఘాట్ రోడ్డులో పెట్టె ఊడి వెనక చక్రంలో పడొచ్చు. వెనక సీటులో మీ ఇంటివాళ్లే ఉంటారు కాబట్టి ఆ ఒక్క నిమిషం ఆగండి.

(గమనిక: పేలోడ్, టార్క్, టైర్ ప్రెషర్ వివరాలు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి. మీ బైక్ మాన్యువల్‌లో ఉన్న అంకెలనే పాటించండి. ఫిట్టింగ్‌ను అనుభవం ఉన్న మెకానిక్ చేత చేయించుకోవడం మంచిది.)